ప్యానెల్‌లో పవర్ ఫ్యాక్టర్ 0.96, బిల్లులో 0.73: తేడా ఎక్కడ పుడుతోంది?

మిర్చిపొడి_యూనిట్ అడిగారు:

మిరప, పసుపు పొడి పట్టే చిన్న యూనిట్. ఎల్‌టీ (లో టెన్షన్) పరిశ్రమ కనెక్షన్, శాంక్షన్ లోడు 60 హెచ్‌పీ. 40 హెచ్‌పీ పల్వరైజర్ (పొడి చేసే మిషన్) ఒకటి స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారును ముందు స్టార్‌లో మొదలుపెట్టి తర్వాత డెల్టాకు మార్చేది) మీద, 7.5 హెచ్‌పీ బ్లోయర్లు రెండు డైరెక్ట్ స్టార్టర్ల మీద నడుస్తాయి. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల పని. సీటీ (కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) మీటరు. సీటీలు 100/5, మీటరు కూడా 5 ఆంప్స్‌దే కాబట్టి ఎంఎఫ్ (రీడింగును హెచ్చించాల్సిన అంకె) 20.

పవర్ ఫ్యాక్టర్ (పీఎఫ్) పెంచడానికి కెపాసిటర్లు రెండున్నాయి. 10 కేవీఏఆర్‌ది పల్వరైజర్ స్టార్టర్ దగ్గర, 5 కేవీఏఆర్‌ది మెయిన్ స్విచ్ దాటాక బస్‌బార్ మీద నేరుగా. రెండింటి మీదా 440 వోల్టులు అని రాసి ఉంది. పగలు మిషన్లు తిరుగుతుండగా ప్యానెల్ మీటర్లో పీఎఫ్ 0.96 నుంచి 0.97 చూపిస్తోంది. బిల్లులో మాత్రం 0.73 వేశారు.

30 రోజుల నెలకు మీటర్లో కనిపించిన రీడింగులు ఇవి, ఎంఎఫ్ వేయకముందువి:

కేడబ్ల్యూహెచ్ (నిజంగా పనికి వాడినది): 18246.3 నుంచి 18550.3
కేవీఏహెచ్ (లైను నుంచి లాగిన మొత్తం): 22104.5 నుంచి 22522.3
కేవీఏఆర్‌హెచ్ లాగ్ (పని చేయనిది, మోటార్ల వైపు): 5120.4 నుంచి 5200.0
కేవీఏఆర్‌హెచ్ లీడ్ (పని చేయనిది, కెపాసిటర్ల వైపు): 6033.1 నుంచి 6148.3
ఆర్‌ఎండీ (నమోదైన గరిష్ఠ డిమాండ్): 1.86

మీటరు తప్పా, సీటీ కనెక్షన్ తప్పా, కెపాసిటర్ పోయిందా? ఎక్కడినుంచి చూసుకుంటూ రావాలో చెప్పగలరు.

సీటీ_పీటీ రాశారు:

రీడింగులు నాలుగూ ఇచ్చారు కాబట్టి ఊహలతో పని లేదండీ, జవాబు వాటిలోనే ఉంది. ముందు ఎంఎఫ్ వేసి చూద్దాం.

కేడబ్ల్యూహెచ్ తేడా 304.0, అంటే 6,080 యూనిట్లు. కేవీఏహెచ్ తేడా 417.8, అంటే 8,356. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.7276. బిల్లులో దాన్నే 0.73 అని వేశారు. లెక్కలో తప్పు లేదు. మీకు వచ్చే బిల్లు కేవీఏహెచ్ మీదే కాబట్టి డబ్బు కట్టేది 8,356 యూనిట్లకు. బిల్లు మీద పీఎఫ్ అని వేసే అంకె తెలియజేయడానికే. దానికి వేరే జరిమానా ఉండదు, జరిమానా మొత్తం కేవీఏహెచ్‌లోనే కలిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు మిగతా రెండు రిజిస్టర్లు చూడండి. లాగ్ 79.6ని 20తో హెచ్చిస్తే 1,592. లీడ్ 115.2ని 20తో హెచ్చిస్తే 2,304. లాగ్ కంటే లీడ్ ఎక్కువ! మిషన్లు తిరిగేటప్పుడు మీ లోడు లాగ్‌లోనే ఉంటుంది, ప్యానెల్ కూడా అదే చెబుతోంది. మరి ఈ లీడ్ ఎప్పుడు వచ్చినట్టు? మిషన్లు ఆగాకే. బస్‌బార్ మీద నేరుగా ఉన్న ఆ 5 కేవీఏఆర్ కెపాసిటర్ రాత్రంతా, ఆదివారమంతా లైన్లోనే ఉంటోంది.

అంకెలు కుదురుతాయో లేదో చూద్దాం. నెలకు 720 గంటలు. పని 26 × 8 = 208 గంటలు. ఖాళీ 512 గంటలు. 2,304ని 512తో భాగిస్తే సరిగ్గా 4.5 కేవీఏఆర్. 440 వోల్టుల కెపాసిటర్‌కు 415 వోల్టులే అందితే దాని సామర్థ్యం వోల్టేజి వర్గం ప్రకారం పడిపోతుంది. (415/440) వర్గం 0.89, కాబట్టి 5 కాస్తా 4.45 అవుతుంది. రాత్రి వోల్టేజి కొంచెం ఎక్కువే ఉంటుంది, అందుకే 4.5. దొంగ దొరికాడు.

ఆ ఖాళీ గంటల్లో మీ అసలు వాడకం లైట్లు, సీసీ కెమెరాలు, చిన్నాచితకా కలిపి అర కిలోవాట్ అనుకుందాం. 512 గంటలకు 256 కేడబ్ల్యూహెచ్. కానీ 0.5 కిలోవాట్ పక్కన 4.5 కేవీఏఆర్ ఉంటే కేవీఏ 4.53 అవుతుంది. 512 గంటలకు 2,318 కేవీఏహెచ్. అంటే 256 యూనిట్ల కరెంటు వాడి 2,318 యూనిట్లకు కడుతున్నారు. ఆ తేడా 2,062 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయలనుకున్నా నెలకు 14,434 రూపాయలు, ఒక్క 5 కేవీఏఆర్ డబ్బాకి.

పగటి భాగం: 6,080లో 256 తీసేస్తే 5,824 కేడబ్ల్యూహెచ్, 208 గంటలకు సగటున 28 కిలోవాట్లు. లాగ్ 1,592ని 208తో భాగిస్తే 7.65 కేవీఏఆర్. పీఎఫ్ 0.965. ప్యానెల్ చూపిస్తున్నది ఇదే. పగటి కేవీఏహెచ్ 6,038. దానికి రాత్రి 2,318 కలిపితే 8,356. మీ మీటరు తప్పు చూపడం లేదు, ప్యానెల్ కూడా తప్పు చూపడం లేదు. ప్యానెల్ ఆ క్షణాన్ని చూపిస్తోంది, బిల్లు 720 గంటలనూ కలుపుతోంది.

మిర్చిపొడి_యూనిట్ రాశారు:

అర్థమైంది, ధన్యవాదాలు. ఒక్క సందేహం. లాగ్ 1,592, లీడ్ 2,304 ఒకదానికొకటి ఎదురు కదా, నెల మొత్తానికి కొట్టుకుపోవాలి. నికరంగా 712 లీడే మిగులుతుంది. 6,080, 712 వర్గాలు కలిపి మూలం తీస్తే 6,122 వస్తోంది. పీఎఫ్ 0.99 రావాలిగా?

సీటీ_పీటీ రాశారు:

అడగాల్సిన ప్రశ్నే. చాలామంది ఎలక్ట్రీషియన్లు ఇదే లెక్క వేసి మీటరు తప్పంటారు.

మీటరు నెలాఖరున కూర్చుని ఒకేసారి లెక్క వేయదండీ. ప్రతి క్షణం వోల్టేజి, కరెంటు నమూనాలు తీసుకుని అప్పటికప్పుడు కేవీఏ కట్టి, దాన్ని కేవీఏహెచ్ రిజిస్టర్‌కు కలుపుతూ పోతుంది. మధ్యాహ్నం లాగ్‌ను అర్ధరాత్రి లీడ్ కొట్టేయలేదు. మధ్యాహ్నం మీ మోటార్లు లైన్ మీద మోపిన అదనపు కరెంటు మధ్యాహ్నమే తీగల్ని వేడెక్కించింది. రాత్రి కెపాసిటర్ లాగిన కరెంటు రాత్రి మళ్లీ వేడెక్కించింది. రెండూ నష్టాలే. అందుకే లాగ్, లీడ్ రెండూ కలిపి 3,896 అని వేసి వర్గమూలం తీసినా 7,221 దగ్గర ఆగుతుంది, 8,356 రాదు. నెలవారీ మొత్తాలతో కేవీఏహెచ్‌ను తిరిగి కట్టడం కుదరదు.

ఇంకో సంగతి. కొన్ని మీటర్లలో కేవీఏహెచ్ లెక్క లాగ్‌ను మాత్రమే తీసుకునేలా పెట్టి ఉంటుంది. లీడ్ ఉన్నప్పుడు పీఎఫ్‌ను 1 కింద చూస్తుంది. మీది అలాంటిదే అయితే రాత్రికి 256 మాత్రమే పడేది, మొత్తం 6,294, పీఎఫ్ 0.97. మీది లాగ్, లీడ్ రెండూ లెక్కించే మీటరు. మీటరు మారినప్పుడో ప్రోగ్రాం మారినప్పుడో పాత యూనిట్లలో ఒక్కసారిగా బిల్లు పెరిగిందని ఫిర్యాదులొచ్చేది ఎక్కువగా ఇందుకే. ఎన్నో ఏళ్లుగా లైన్లో ఉండిపోయిన ఫిక్స్‌డ్ కెపాసిటర్ అప్పుడు బయటపడుతుంది.

నా మాట మీద నమ్మొద్దు, ఈ రాత్రే చూసుకోండి. మిషన్లన్నీ ఆపాక 9 గంటలకు కేడబ్ల్యూహెచ్, కేవీఏహెచ్ రాసుకోండి. పొద్దున 7కి మళ్లీ రాయండి. పది గంటల్లో కేడబ్ల్యూహెచ్ 0.25 మేర, కేవీఏహెచ్ 2.26 మేర కదలాలి. మిషన్లు ఆగాక ఇన్‌కమర్ (మెయిన్ సరఫరా వైర్లు) మీద క్లాంప్ మీటరు పెడితే ప్రతి ఫేజులో 6.3 ఆంప్స్ దగ్గర కనిపించాలి. మీటరు బటన్ నొక్కుతూ పోతే ఆ క్షణపు పీఎఫ్ తెర కూడా వస్తుంది. లీడ్ అయితే దాని పక్కన మైనస్ గుర్తో, లీడ్ అనే మాటో ఉంటుంది. 5 కేవీఏఆర్ స్విచ్ తీయగానే ఆ తెర మారిపోవాలి.

కాగితం మీద రుజువు కావాలంటే మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని లోడ్ సర్వే డేటా అడగండి. మీటరు అరగంటకోసారి దాచుకునే చరిత్ర అది, ఆప్టికల్ పోర్టు నుంచి తీస్తారు. రాత్రి బ్లాకులన్నింటిలో కిలోవాట్ 0.5, కేవీఏ 4.5 అని వరసగా కనిపిస్తుంది.

వైండింగ్_షాప్ రాశారు:

పైన చెప్పిన లెక్కలో ఢోకా లేదు. ఇక పని సంగతి.

ఆ 5 కేవీఏఆర్‌ను తీసి పారేయకండి, పగలు అది అవసరమే. అది లేకపోతే పగటి లాగ్ 7.65 నుంచి 12.1కి పోతుంది, పీఎఫ్ 0.92కి దిగుతుంది. దానికి ఒక కెపాసిటర్ డ్యూటీ కాంటాక్టర్ (కెపాసిటర్ల కోసమే చేసిన, కాయిల్‌తో పనిచేసే స్విచ్) పెట్టండి. ఆ కాంటాక్టర్ కాయిల్‌ను పల్వరైజర్ స్టార్టర్‌లోని డెల్టా కాంటాక్టర్ ఖాళీ ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కాంటాక్టు ద్వారా ఇవ్వండి. పల్వరైజర్ డెల్టాలోకి వచ్చాకే కెపాసిటర్ ఎక్కుతుంది, పల్వరైజర్ ఆగగానే దిగిపోతుంది. మనిషి గుర్తుపెట్టుకుని స్విచ్ తీసే ఏర్పాటు వద్దు. పది రోజులు తీస్తారు, పదకొండో రోజు మర్చిపోతారు.

మామూలు మోటారు కాంటాక్టర్ ఎందుకు వద్దంటే, ఖాళీ కెపాసిటర్‌కు కరెంటు అందిన మొదటి క్షణంలో దాని మామూలు కరెంటుకు ఎన్నో పదుల రెట్లు లాగుతుంది. పక్కన ఇంకో కెపాసిటర్ అప్పటికే చార్జై ఉంటే అది కూడా ఇందులోకి కుమ్మరిస్తుంది. కాంటాక్టు పాయింట్లు అతుక్కుపోతాయి. అతుక్కుంటే మీ సమస్య మళ్లీ మొదటికొస్తుంది, కాంటాక్టర్ తెరిచినట్టే కనిపిస్తుంది, కెపాసిటర్ రాత్రంతా లైన్లోనే ఉంటుంది. కెపాసిటర్ డ్యూటీ కాంటాక్టర్‌లో ముందుగా మూసుకునే చిన్న కాంటాక్టులు, వాటికి వరసగా నిరోధక తీగ చుట్టలు ఉంటాయి. మొదటి ఊపు వాటి గుండా పోతుంది.

ఇంకోటి జాగ్రత్త. ఆ 10 కేవీఏఆర్‌ది స్టార్టర్‌లో ఎక్కడ కట్టారో చూడండి. స్టార్-డెల్టా స్టార్టర్‌లో మోటారు టెర్మినళ్ల మీద నేరుగా కెపాసిటర్ కట్టకూడదు. స్టార్ నుంచి డెల్టాకు మారే ఆ రెప్పపాటులో సరఫరా తెగి, తిరుగుతున్న మోటారు, కెపాసిటర్ కలిసి జనరేటర్‌లా వోల్టేజి పుట్టిస్తాయి. డెల్టా కాంటాక్టర్ మూసుకునేసరికి ఆ వోల్టేజి లైను వోల్టేజికి ఎదురు దశలో ఉంటే దెబ్బ షాఫ్టు మీదా, కాంటాక్టర్ మీదా పడుతుంది. దాన్ని కూడా విడి కాంటాక్టర్ మీద, డెల్టా అయ్యాకే ఎక్కేలా పెట్టడం మంచిది. ఓవర్‌లోడ్ రిలే తర్వాత కట్టి ఉంటే రిలే గుండా పోయే కరెంటు తగ్గుతుంది. మీ సగటు లోడునే చూడండి: 28 కిలోవాట్లకు 0.80 పీఎఫ్ దగ్గర 48.7 ఆంప్స్, 0.965 దగ్గర 40.4 ఆంప్స్. రిలే సెట్టింగ్‌ను పాత ఆంప్స్ దగ్గరే వదిలేస్తే మోటారు ఓవర్‌లోడైనా ట్రిప్ కాదు.

కెపాసిటర్లు బతికే ఉన్నాయో లేదో క్లాంప్‌తోనే తేలుతుంది. 440 వోల్టుల 5 కేవీఏఆర్‌కు 415 దగ్గర ఫేజుకు 6.2 ఆంప్స్, 10 కేవీఏఆర్‌కు 12.4 ఆంప్స్ రావాలి. మూడు ఫేజుల్లో ఒకటి బాగా తక్కువుంటే ఫ్యూజ్ పోయింది, లేదా లోపలి ఎలిమెంట్ ఒకటి తెగింది. డబ్బా ఉబ్బినా, నూనె చెమ్మ కనిపించినా అంకెలు చూడక్కర్లేదు, మార్చేయండి. ముట్టుకునే ముందు స్విచ్ తీసి కనీసం ఐదు నిమిషాలు ఆగి, మూడు టెర్మినళ్ల మధ్యా మీటరు పెట్టి వోల్టేజి లేదని చూసుకోండి. డిశ్చార్జి రెసిస్టర్ తెగి ఉంటే ఐదు నిమిషాలు కాదు, గంట ఆగినా చార్జి ఉంటుంది.

సోలార్_రూఫ్ రాశారు:

ఈ యూనిట్‌కు సోలార్ లేదు గానీ, ఇదే లెక్క తప్పి దెబ్బతింటున్న వాళ్లు చాలామంది కాబట్టి రాస్తున్నాను.

30 కిలోవాట్ల లోడు, దానితో 22.5 కేవీఏఆర్ లాగ్, పీఎఫ్ 0.80 ఉన్న యూనిట్ అనుకోండి. పైకప్పు మీద సోలార్ మధ్యాహ్నం 20 కిలోవాట్లు ఇస్తోంది, ఇన్వర్టర్ పీఎఫ్ 1 దగ్గర పెట్టి ఉంది. అప్పుడు లైన్ నుంచి వచ్చేది 10 కిలోవాట్లే, కానీ 22.5 కేవీఏఆర్ మొత్తం ఇంకా లైన్ నుంచే రావాలి. కేవీఏ 24.6, పీఎఫ్ 0.41. సోలార్ లేనప్పుడు గంటకు 37.5 కేవీఏహెచ్ పడేది, ఇప్పుడు 24.6. కిలోవాట్లు మూడింట రెండు వంతులు తగ్గాయి, బిల్లు యూనిట్లు మూడో వంతే తగ్గాయి. సోలార్ అమ్మేటప్పుడు వేసి చూపే ఆదా లెక్క కేడబ్ల్యూహెచ్ మీద ఉంటుంది, బిల్లు కేవీఏహెచ్ మీద వస్తుంది. తేడా అక్కడ.

విరుగుడు రెండు రకాలు. ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (కెపాసిటర్లను తనంతట తానే ఎక్కించి దింపేది) ఉంటే దాని సీటీ గ్రిడ్ ఇన్‌కమర్ మీద, సోలార్ కలిసే చోటుకు పైన ఉండాలి. రిలే కూడా నాలుగు క్వాడ్రంట్లలో పనిచేసేది కావాలి, లేకపోతే కరెంటు బయటికి పోయే సమయంలో లాగ్‌ను లీడ్ అనుకుని కెపాసిటర్లు దింపేస్తుంది. రెండోది, చాలా త్రీఫేజ్ ఇన్వర్టర్లకు కేవీఏఆర్ ఇచ్చే సెట్టింగ్ ఉంటుంది. ఇన్వర్టర్ కేవీఏ పరిమితి లోపల అది కొంత మోయగలదు.

ఇంటి_మీటరు అడిగారు:

ఇళ్లకు కూడా ఇదేనా? ప్లగ్గులో పెడితే బిల్లు తగ్గుతుందని అమ్మే పవర్ సేవర్ డబ్బాలు లోపల కెపాసిటరే కదా?

సీటీ_పీటీ రాశారు:

లోపల కెపాసిటరే. కానీ ఇంటి బిల్లు కేడబ్ల్యూహెచ్ మీద. ఒక ఫ్రిజ్ 120 వాట్లు, 0.6 పీఎఫ్ మీద 200 వోల్ట్ ఆంపియర్లు లాగుతుంటే మీటరు లెక్కపెట్టేది 120నే. కెపాసిటర్ పెడితే 200 తగ్గుతుంది, 120 కదలదు, బిల్లు కదలదు. కొనకండి.

మీటరు మీద అనుమానముంటే ఇంట్లో చేసుకోగల పరీక్ష ఉంది. మీటరు ముఖం మీద 3200 ఇంపల్స్ పర్ కేడబ్ల్యూహెచ్ లాంటి అంకె ఉంటుంది. అన్నీ ఆపేసి 1,000 వాట్ల ఇస్త్రీపెట్టో హీటరో ఒక్కటే వేయండి, థర్మోస్టాట్ ఆఫ్ కాకుండా చూడండి. ఎర్ర లైటు పది సార్లు మెరవడానికి 11.25 సెకన్లు పట్టాలి. వోల్టేజి తక్కువుంటే హీటర్ 1,000 వాట్లు లాగదు, కాబట్టి కొన్ని శాతం అటూ ఇటూ ఉంటే మీటరును అనుమానించొద్దు. సగానికి సగం తేడా ఉంటేనే టెస్టుకు దరఖాస్తు పెట్టండి.

మిర్చిపొడి_యూనిట్ రాశారు:

సీటీ మీటరుకు కూడా అలా లైటు చూసి లెక్క కట్టొచ్చా? అలాగే ఆర్‌ఎండీ 1.86 అంటే 37.2 కేవీఏ. పల్వరైజర్ స్టార్టింగ్ కరెంటు వల్ల అంత వచ్చిందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నారు.

సీటీ_పీటీ రాశారు:

కట్టొచ్చు, ఎంఎఫ్ కలపాలి అంతే. కిలోవాట్లు = 3600 × మెరుపులు × ఎంఎఫ్, దాన్ని ఇంపల్స్ అంకె × సెకన్లతో భాగించాలి. మీ మీటరు మీద 1200 అని ఉండి, 20 మెరుపులకు 42.9 సెకన్లు పట్టాయనుకుంటే 28 కిలోవాట్లు. కొన్ని మీటర్లలో లైటు కేవీఏఆర్‌హెచ్‌కు కూడా వేరేగా ఉంటుంది, ఏది ఏదో చూసుకోండి. అదే సమయంలో క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంప్స్, వోల్టేజి, ప్యానెల్ పీఎఫ్ తీసుకుని 1.732 × వోల్టులు × ఆంప్స్ × పీఎఫ్ వేయండి. రెండూ కొన్ని శాతం లోపు కలిస్తే సీటీలు సరిగ్గా ఉన్నట్టే.

కలవకపోతే, ఎంత తేడా ఉందన్నదే జబ్బు పేరు చెబుతుంది. లోడు మూడు ఫేజుల్లో సమానంగా ఉండగా మీటరు మూడింట రెండు వంతులే చూపితే ఒక ఫేజు వోల్టేజి వైరో సీటీ వైరో తెగింది. మూడో వంతు చూపితే ఒక సీటీ తిరగబడింది, రెండు ఫేజులు కలిసి ఇచ్చినదాంట్లో ఒక ఫేజు తీసివేతకు పోయింది. రెండు సీటీల వైర్లు ఒకదాని చోట ఒకటి పడితే ఆ రెండు ఫేజుల తప్పులూ మూడో ఫేజును కొట్టేసి మొత్తం సున్నాకు వస్తుంది. తిరగబడిన కరెంటును కూడా ముందుకే లెక్కించే మీటర్లలో ఈ గుర్తులు ఇలాగే కనిపించవు, అప్పుడు ఫేజు వారీగా తెరలు చూడాలి. మీ విషయంలో పగటి 28 కిలోవాట్లు మీ మోటార్లకు సరిపోతున్నాయి కాబట్టి నాకు సీటీల మీద అనుమానం లేదు.

మీరు మాత్రం సీలు తీయొద్దు, టెర్మినల్ కవర్ ముట్టొద్దు. సీలు తెగి ఉంటే దొంగతనం కేసు ప్రశ్న వస్తుంది, ఎంత మంచి ఉద్దేశంతో తీసినా. ఇంకా పెద్ద ప్రమాదం, లోడు మీద ఉండగా సీటీ సెకండరీ వైరు ఊడితే ఆ రెండు చివరల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజి పుడుతుంది. ఆ పని టెస్టింగ్ విభాగం వాళ్లది.

ఇక ఆర్‌ఎండీ. మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది నిజం కాదు. ఎల్‌టీలో మీ స్థాయి కనెక్షన్లకు మీటరు డిమాండ్‌ను అరగంట సగటుగా తీస్తుంది, ఆ అరగంటలో పడిన కేవీఏహెచ్‌కు రెట్టింపు. స్టార్టింగ్‌లో 150 ఆంప్స్ పది సెకన్లు లాగిందనుకోండి. అది 108 కేవీఏ, పది సెకన్లకు 0.3 కేవీఏహెచ్. అరగంట డిమాండ్‌లో దాని వాటా 0.6 కేవీఏ. మీకు 37.2 వచ్చింది ఏదో ఒక అరగంట పల్వరైజర్‌ను నిండా మేపి, రెండు బ్లోయర్లూ తిప్పినందుకు. అది మీ శాంక్షన్ లోపలే ఉంది, కంగారు వద్దు. హెచ్‌టీకి (హై టెన్షన్) మారితే మాత్రం లెక్క వేరు. ఆర్‌ఎండీ లేదా సీఎండీ (ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండ్)లో 80 శాతం, ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ చార్జీ కట్టాలి. అక్కడ ఎంఎఫ్‌లో పీటీ (వోల్టేజిని తగ్గించి మీటరుకు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కూడా వస్తుంది. 11 కేవీ/110 వోల్టుల పీటీకి 100, సీటీ 20/5 అయితే 4, రెండూ హెచ్చిస్తే 400. రీడింగులో 0.1 తప్పు పడితే 40 యూనిట్లు.

మిర్చిపొడి_యూనిట్ రాశారు:

రాత్రి చూశాను. పది గంటల్లో కేడబ్ల్యూహెచ్ 0.3, కేవీఏహెచ్ 2.3 కదిలింది. ఇన్‌కమర్ మీద 6.4 ఆంప్స్. కాంటాక్టర్ పెట్టిస్తున్నాం. పాత నెలల బిల్లులు తిరిగి ఇవ్వమని అడగొచ్చా?

సీటీ_పీటీ రాశారు:

అడిగినా నిలవదండీ. మీటరు చూపించినది నిజంగా మీ ఆవరణ లాగిన కేవీఏహెచే. మీటరు తప్పని టెస్టులో తేలితేనే పాత బిల్లుల సవరణ ప్రశ్న వస్తుంది. అలా తేలి ఈఆర్‌వో (విద్యుత్ రెవెన్యూ ఆఫీసు) దగ్గర పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లే దారి ఉంది. మీ కేసు అది కాదు. టెస్టు ఫీజు కట్టి మూడు వారాలు ఎదురుచూసే బదులు ఆ కాంటాక్టర్ ఈ వారమే ఎక్కించండి, రోజుకు దాదాపు 69 యూనిట్లు పోతున్నాయి.

మిర్చిపొడి_యూనిట్ రాశారు:

రెండు కెపాసిటర్లూ కాంటాక్టర్ల మీదకు మార్చాం. 10 కేవీఏఆర్‌ది మోటారు టెర్మినళ్ల మీదే ఉంది, అది కూడా విడదీశాం. ఏడు రోజుల రీడింగులు, ఆరు పనిదినాలు: కేడబ్ల్యూహెచ్ 70.2, కేవీఏహెచ్ 73.4, లీడ్ 0.1. పీఎఫ్ 0.956. ఇంకో 5 కేవీఏఆర్ పెడితే లాభమా?

వైండింగ్_షాప్ రాశారు:

కొంచెం లాభమే. పగటి లాగ్ 7.65లో ఇంకో 4.45 పోతే 3.2 మిగులుతుంది, కేవీఏ 29.03 నుంచి 28.18కి దిగుతుంది. 208 గంటలకు 177 యూనిట్లు. కానీ ఇది సగటు లెక్క. పల్వరైజర్ ఖాళీగా తిరిగే సమయం మీకు ఎంతో చూసుకోండి. ఖాళీ మోటారుకు కిలోవాట్లు బాగా పడిపోతాయి గానీ లాగ్ అంతగా పడిపోదు కాబట్టి ఒక్కసారిగా లీడ్‌లోకి పోదు, అయినా బ్లోయర్లు కూడా ఆపి పల్వరైజర్ ఒక్కటే తిప్పుతూ కేవీఏఆర్ తెర చూడండి. అప్పుడు కూడా లాగ్‌లోనే 4.45 కేవీఏఆర్ కంటే ఎక్కువ చూపిస్తే ఇంకో 5 పెట్టొచ్చు, అదే ఇంటర్‌లాక్ మీద. అంతకంటే తక్కువుంటే వదిలేయండి.

తర్వాత ఎప్పుడైనా పల్వరైజర్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) పెట్టించాలనుకుంటే ఈ 10 కేవీఏఆర్‌ను దాని అవుట్‌పుట్ వైపు ఉంచకండి, డ్రైవ్ పోతుంది. ఇన్‌పుట్ వైపు బస్ మీద ఉంచినా డ్రైవ్ పుట్టించే ఐదో, ఏడో హార్మోనిక్ (మామూలు ఫ్రీక్వెన్సీకి ఐదు, ఏడు రెట్లు) కరెంటు కెపాసిటర్లలోకి దూరి వాటిని వేడెక్కిస్తుంది. అప్పుడు 7 శాతం రియాక్టర్ వరసలో పెట్టాలి. రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద వోల్టేజి 415 నుంచి 446కి పెరుగుతుంది కాబట్టి ఇప్పుడున్న 440 డబ్బాలు పనికిరావు, 480 లేదా 525 వోల్టులవి తీసుకోవాలి.